డ్రమ్ములోని తెల్లపొడి

2002లో హైదరాబాద్ దగ్గర బొల్లారం పారిశ్రామికవాడలో, మాత్రల్లో వాడే మందుపొడి చేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాణ్ణి. డ్రయ్యర్ నుంచి దిగిన పొడిని జల్లించి, పాలిథిన్ సంచుల్లో నింపి, తూకం చూసి, డ్రమ్ముకి సీలు వేయాలి. డ్రమ్ముకి పాతిక కిలోలు. కొన్నాళ్లు వరసగా లేబుళ్ల మీద లామివుడిన్ అని వచ్చింది. ఇది దేనికి సార్ అని షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగాను.

"ఆ జబ్బుకి. ఆఫ్రికా పోతుంది" అన్నాడు.

ఆ రోజు డ్యూటీ దిగాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. మందుని చూసి భయపడ్డవాణ్ణి నేనే అయ్యుంటాను లోకంలో.

మరుసటి ఏడాది ఎండాకాలంలో సాయంత్రమయ్యేసరికి జ్వరం మొదలైంది. మెడ పక్కన గడ్డ. నోరంతా తెల్లపూత పూసి, గోంగూర పచ్చడి నాలుకకి తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. అరవై ఒక్క కిలోల మనిషిని నలభై మూడుకి వచ్చాను. బావ ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లాడు. రేపొద్దున గడ్డ కోస్తాం, ఏమీ తినకుండా రండి అన్నారు. రక్తం తీసుకున్నారు.

మర్నాడు డాక్టర్ గదిలోకే రాలేదు. నర్సు గుమ్మంలోనే నిలబడి, ఫైలు బల్ల మీదికి జరిపి, పెద్దాసుపత్రికి పొమ్మంది. అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో హెచ్ఐవీ అని పెద్దగా రాసిపెట్టారు. నాకు చెప్పకముందే వార్డంతా చదివింది. బావ కింద స్కూటర్ దగ్గర ఉన్నాడు కాబట్టి చదవలేదు. ఫైలు చొక్కాలో దోపుకుని దిగాను.

ఎలా వచ్చిందో ఇక్కడ రాయను. ఆ కథ గంటలకొద్దీ అడిగినవాళ్లెవరూ మందు ఇవ్వలేదు.

సర్కారు ఆసుపత్రిలో గడ్డ టీబీదని తేలింది. జబ్బుల్ని ఎదుర్కొనే సీడీ4 కణాలు 54. మామూలు మనిషికి ఐదువందల పైన ఉంటాయట. ముందు టీబీ మందులు, అవి ఒంటికి పడ్డాక హెచ్ఐవీ మందులు అన్నారు. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఒళ్లు తట్టుకోదట. పైగా మూడు మందులు కలిపిన చవక మాత్రలో నెవిరపిన్ ఉంటుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ దాని బలం తగ్గిస్తుంది, కాబట్టి నాకు ఎఫావిరెంజ్ ఇవ్వాలన్నారు. అది ఖరీదు. అక్క గాజులు తాకట్టు పెట్టింది. బావకి మాత్రం టీబీ అని చెప్పాం. అబద్ధం కాదు కదా!

అక్కడి కౌన్సిలర్ మేడం ఓపికగా మాట్లాడేది. 1986లో మద్రాసులో సునీతి సోలమన్ అనే డాక్టరమ్మ, ఆవిడ దగ్గర చదువుకుంటున్న నిర్మల కలిసి ఈ వైరస్ మన దేశంలోనూ ఉందని మొదటిసారి పట్టుకున్న కథ ఆమే చెప్పింది. తీసిన రక్తం నమూనాలను నిర్మల ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, ఐసుపెట్టెలో సర్ది, భర్తతో కలిసి రాత్రి రైల్లో పరీక్ష కోసం వేలూరు తీసుకెళ్లిందట. కూరలుండే ఫ్రిజ్‌లో పెట్టుకుందావిడ. నేను డ్రమ్ము ముట్టుకుని చేతులు కడుక్కున్నాను.

మా డ్రమ్ముల సంగతీ ఆ మేడం ద్వారానే అర్థమైంది. బయటి దేశాల్లో ఈ మందులకి మనిషికి ఏడాదికి పదివేల డాలర్లు దాటే రోజుల్లో, 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా యజమాని యూసఫ్ హమీద్ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానన్నాడు. 1970 పేటెంట్ చట్టం పుణ్యమా అని మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు ఉండేది. పద్ధతి మార్చి మనవాళ్లు చేసుకోవచ్చు. అలా చేసిన మందే ఆఫ్రికాలో లక్షలమందిని నిలబెట్టింది. గొప్పే, కాదనను. కానీ ఆ పొడి తూచిన చేతులకి అది కొనుక్కునే శక్తి లేకపోయింది. 2004 ఏప్రిల్ 1న సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తానికి ఎనిమిది ఆసుపత్రులు. ఆ ఏడాది చివర్లో నా వంతు వచ్చింది. అప్పటికి అక్క చేతులకి మట్టిగాజులు.

మొదటి నెల ఎఫావిరెంజ్ రాత్రిళ్లు పిచ్చి కలలు తెచ్చేది. డ్రయ్యర్లో నేనే తిరుగుతున్నట్టు, ఎవరో నన్ను జల్లిస్తున్నట్టు. మూడో నెలకి ఆకలి వచ్చింది. ఒకరోజు అక్క చారు పోస్తుంటే ఇంకో ముద్ద పెట్టమన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అక్కడితో అయిపోలేదు. మందుల్లో ఒకటైన స్టావుడిన్ పడక నాలుగేళ్లకి అరికాళ్లు నిప్పుల మీద నడిచినట్టు మండేవి, బుగ్గలు గుంటలు పడ్డాయి. ఆ మందు మార్పించుకోవడానికి ఎన్నిసార్లు లైన్లో నిలబడ్డానో! తర్వాత దాని బదులు టెనోఫోవిర్ వచ్చింది, రోజుకి ఒకటే మాత్ర. మంట తగ్గింది, బుగ్గలు పూర్తిగా నిండలేదు. ఇప్పుడు వేసుకునేది ఎఫావిరెంజ్ బదులు డోలుటెగ్రవిర్ ఉన్నది. కలలు పోయాయి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ కాగితం మీద టీఎన్‌డీ అని వస్తోంది, అంటే పరీక్షకి దొరకనంత తక్కువ. ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాయడం, వైద్యం చేయకుండా పంపేయడం కూడదనే చట్టం 2017లో చేశారు, 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. నా ఫైలుకి పదిహేనేళ్లు ఆలస్యం.

ఏఆర్‌టీ సెంటర్ నుంచి హెచ్ఐవీ మందుల సీసా తెచ్చుకోగానే లేబుల్ చింపేస్తాను. చింపేముందు తయారీ చిరునామా చదవడం అలవాటు. మన హైదరాబాద్ చుట్టుపక్కలదైతే, ఏ షిఫ్టువాళ్లు తూచారో అనుకుంటాను.

కంపెనీకి మళ్లీ వెళ్లలేదు. బావ కిరాణా కొట్లోనే ఉంటున్నాను. రాత్రి తొమ్మిదికి, షట్టర్ దించేముందు మాత్ర.

"బీపీ బిళ్ల మరిచిపోలేదు కదరా?" అంటాడు బావ, చిల్లర లెక్క చూసుకుంటూ.