ఆటోనగర్ షెడ్డులో ఎంచుకున్న పైలట్ హెడ్‌సెట్

కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగరాలి. అందులో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి ఒంటి ఇంజిన్ విమానంలోనే గడుస్తుంది. ఆ కాక్‌పిట్‌లో మోత 90 డెసిబెళ్లు దాటుతుంది. 85 డెసిబెళ్ల మోతలో రోజుకి ఎనిమిది గంటలకి మించి ఉండకూడదని పనిచోట ఆరోగ్య భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది. ఆ పైన మూడేసి డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ టైము సగానికి పడిపోతుంది. పైగా ఈ లైసెన్సుకి పాసవ్వాల్సిన వైద్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్లో చెవుల పరీక్ష ఉంటుంది. అక్కడ వినికిడి తగ్గిందని తేలితే లైసెన్సుకే ఎసరు. అందుకే ట్రైనింగ్‌కి వెళ్లేముందే సొంత హెడ్‌సెట్ కొనుక్కోవాలనుకున్నాను.

విజయవాడలో వీటిని తలకి పెట్టి చూసి కొనే షాపు నాకు దొరకలేదు. గవర్నర్‌పేటలో అడిగితే పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు చూపించారు. అవి దీనికి పనికిరావు. పెదాల దగ్గరికి వంగే మైకు ఉండాలి, చివర రెండు ప్లగ్గులుండాలి. లావుది చెవులకి, కాస్త సన్నది మైకుకి. హెలికాప్టర్‌వైతే ఒకే ప్లగ్గుతో వస్తాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

నాన్నకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. ఏళ్ల తరబడి గ్రైండర్ల పక్కన నిలబడి నాన్న చెవులు బాగా దెబ్బతిన్నాయి. వెనకనుంచి పిలిస్తే పలకడు. టీవీ సౌండు వీధిలోకి వినబడాలి. అందుకే నా హెడ్‌సెట్ విషయంలో నాకంటే పట్టుదలగా ఉన్నాడు. "అన్నిటికంటే ఖరీదైంది ఏదో అది తీసుకో తల్లీ. చెవుల దగ్గర బేరాలొద్దు" అన్నాడు. ఆ ఖరీదైంది బోస్ ఏ30. లక్ష పైమాటే. ఆ డబ్బుతో విమానంలో ఇంకొన్ని గంటలు ఎగరొచ్చని నా మనసు పీకుతోంది.

గుంటూరు పిన్ని కూతురు నాకు అక్క అవుతుంది, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. సెలవుకి వచ్చినప్పుడు తన దగ్గరున్న రెండూ తెచ్చింది. ఒకటి స్టూడెంటుగా వాడిన ఆకుపచ్చ డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4. దాన్లో బ్యాటరీ ఉండదు, మెత్తలు చెవులచుట్టూ గట్టిగా బిగించి మోతని ఆపడమే. 23 డెసిబెళ్లు తగ్గిస్తుందని కంపెనీ రేటింగు. రెండోది ఇప్పుడు వాడుతున్న బోస్ ఏ20. లోపలున్న చిన్న మైకు మోతని విని, దానికి ఎదురు శబ్దం పుట్టించి చంపేస్తుంది. దీన్నే ఏఎన్‌ఆర్ (యాక్టివ్ నాయిస్ రిడక్షన్) అంటారు.

విమానం లేదు కాబట్టి షెడ్డులోనే చూశాం. ముందు డీజిల్ జనరేటర్ వేయించాం. బోస్ పెట్టుకుని స్విచ్ నొక్కగానే గుండెల్లో దడదడలాడే ఆ మోత అడుగు ఊడి పడిపోయినట్టు పోయింది. నాన్నకి పెడితే, "ఆపేశారేంటమ్మా?" అని జనరేటర్ వైపు తిరిగి చూశాడు. తర్వాత కుర్రాడు గ్రైండర్ ఆన్ చేసి ఇనప యాంగిల్ మీద ఆనించాడు. స్విచ్ వేసినా, తీసేసినా ఆ కీచుమనే గోలలో నాకు తేడా తెలియలేదు. ఆకుపచ్చది పెట్టుకుంటే మాత్రం ఆ గోల బాగా వెనక్కి పోయింది. జనరేటర్ దడ మాత్రం మిగిలింది.

అక్క చెప్పిన లెక్క ఇది. ఇంజిన్ నిమిషానికి 2400 చుట్లు తిరిగితే సెకనుకి 40. రెండు రెక్కల ప్రొపెల్లర్ కాబట్టి 80 హెర్ట్జ్ మోత. ఏఎన్‌ఆర్ బలమంతా ఇలాంటి లోగొంతు మోతల మీదే. గ్రైండర్ కీచులాంటి పై స్థాయి శబ్దాలని ఆపేది మెత్తల బిగువే, ఎంత ఖరీదైన హెడ్‌సెట్‌కైనా. చెవిని ముందుగా పాడుచేసేవి కూడా ఆ పై శబ్దాలే. అలాగని ఏఎన్‌ఆర్ వట్టి సోకు కాదు. లోగొంతు మోత రేడియోలో మాటల్ని మింగేస్తుంది, మనం సౌండు పెంచుతాం, అదీ చెవికి చేటే. "నేను రోజంతా విమానంలోనే ఉంటానే, ఏఎన్‌ఆర్ ఉంటే సాయంత్రానికి తల బరువెక్కదు. నువ్వు గంటో, గంటన్నరో ఎగిరి దిగుతావు" అంది. నాకు అక్కడే తేలిపోయింది. ట్రైనింగ్‌కి డేవిడ్ క్లార్క్ చాలు, ఉద్యోగం వచ్చాక ఏఎన్‌ఆర్.

బరువు మాత్రం తెలుస్తుంది. బోస్ ఏ20 340 గ్రాములే, డేవిడ్ క్లార్క్ దాదాపు అర కిలో. నడినెత్తిన నొక్కుతుంది. మన మే నెల ఎండల్లో జెల్ మెత్తల కింద చెమట ఖాయం, గుడ్డ తొడుగులు విడిగా కొనాలి.

ఇంతకంటే ముఖ్యమైనది మెత్తకీ చర్మానికీ మధ్య సందు. నా కళ్లజోడు కాడలు లావు. పెట్టుకుంటే గ్రైండర్ గోల సన్నగా లోపలికి దూరింది, తీసేస్తే తగ్గింది. చెవికి ఉన్న బుట్టలదీ అదే కథ. ఏ హెడ్‌సెట్ చూసినా మీ కళ్లజోడుతోనే పెట్టుకుని చూడండి. నేను బీసెంట్ రోడ్డులో సన్నటి తీగ కాడల ఫ్రేము చేయించుకున్నాను.

నాన్న ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాను. నా హెడ్‌సెట్‌తోపాటే షెడ్డులో అందరికీ ఇయర్ మఫ్‌లు ఆర్డరు పెట్టించాను. కుర్రాళ్లు పెట్టుకుంటున్నారు. నాన్నని మాత్రం రోజూ గుర్తు చేయాల్సి వస్తోంది.