అమ్మ పన్ను కోసం అఫ్జల్‌గంజ్ దాకా

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం, ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతం. మా దిక్కు పన్ను నొస్తే ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. "ఈ నీళ్ళు తాగినోళ్ళకు పళ్ళు ఉంటాయా" అని ఊరుకుంటారు. మిషన్ భగీరథ నల్లా రాకముందు బావి, బోరు నీళ్ళు తాగి పెరిగిన మనిషి కాబట్టి మా అమ్మవీ గార పళ్ళే. కుడి పక్క దవడ పన్ను రెండేళ్ళు సలిపినా లవంగం నొక్కిపెట్టి, ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు మింగి గడిపింది. నేనూ పట్టించుకోలేదు, అబద్ధమెందుకు.

ఒకరోజు తెల్లారేసరికి చెంప బూరెలా పొంగింది. టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే రూట్ కెనాల్, క్యాప్ కలిపి 9,000 అన్నారు. అమ్మ బయటికొచ్చి, "అన్ని పైసలు పెట్టి పన్ను కొనుక్కోవాల్నా బిడ్డా?" అంది.

ఆ తర్వాత సర్కారు దవాఖానల చుట్టూ తిరగడం మొదలైంది. ముందు పోయిన చోట పళ్ళ డాక్టరే లేరు. రెండో చోట డాక్టరు ఉన్నారు, కుర్చీ ఉంది, మిషన్ రిపేరులో ఉంది. ఆ ఊరి పేరు ఎందుకులెండి. ఆ డాక్టరే చీటీ మీద "డెంటల్ కాలేజీ, అఫ్జల్‌గంజ్" అని రాసిచ్చి, పొద్దున్నే హైదరాబాద్ పొమ్మన్నారు. ఆ చీటీ లేకపోతే నేను ఉస్మానియా దవాఖానలో ఓపీ లైన్లో నిలబడి సగం రోజు పోగొట్టుకునేవాణ్ణి. 1959 నుంచి ఉన్న డెంటల్ కాలేజీ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడం ఏమిటో!

మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులో పోయాం. అమ్మకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాకు మామూలు టికెట్.

ఆరోగ్యశ్రీ కార్డు, దాని జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోయాను. కౌంటర్లో ఆమె వాటి వైపు కూడా చూడలేదు. "పన్ను చూపించుకోవడానికి అవి దేనికి, ఓపీ చీటీ తీసుకోండి" అంది. చీటీతో నేరుగా పీకే గదికి పోకూడదట. ముందు ఓరల్ మెడిసిన్ అనే విభాగంలో నోరంతా చూసి, ఎక్స్‌రే తీయించి, ఏ పన్నుకు ఏం చేయాలో రాస్తారు. పీకాలంటే ఓరల్ సర్జరీకి, రూట్ కెనాల్ అయితే ఇంకో విభాగానికి, కట్టుడు పళ్ళకు వేరే చోటికి పంపుతారు. ఈ వరుస తెలియక మేము రెండుసార్లు మెట్లెక్కి దిగాం.

లోపల ఒక చిన్న డాక్టరమ్మ అద్దం పెట్టి చూస్తుంటే అమ్మ, "మా నీళ్ళ వల్లనే కదమ్మా" అంది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "ఈ గార చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పడిందమ్మా, ఇప్పుడు కొత్తగా రాదు. నొప్పి దానిది కాదు, లోపల పుచ్చిపోయింది." ఎక్స్‌రేలో వేరు దగ్గర నల్ల మచ్చ చూపించింది. రెండేళ్ళ కింద వచ్చుంటే పన్ను నిలబడేదేమో అంది. ఆ మాట నాకు పన్ను పోటు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు పీకలేదు. తప్పు మాదే. ఆపరేషన్ అనుకుని అమ్మ టిఫిన్ మానేసింది, షుగర్ గోలీ కూడా వేసుకోలేదు. "పన్నుకు మత్తు సూది చిగురుకే ఇస్తాం, కడుపు మాడ్చుకుని వస్తే కళ్ళు తిరుగుతాయి" అని కోప్పడ్డారు. వాపుకు మందులు రాసి, షుగర్ పరీక్ష కాగితంతో వచ్చే వారం రమ్మన్నారు. రక్తం పలచబడే గోలీలు ఏమైనా వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు. అమ్మ వాడే గోలీల పేర్లు నాకే సరిగా తెలియవు, అట్టలు ఫోటో తీసుకోవాల్సింది.

రెండోసారి ఇంట్లోనే ఉప్మా తిని, గోలీ వేసుకుని బయల్దేరాం. లైన్లో రెండు గంటలు, కుర్చీలో పావుగంట. పన్ను వచ్చేసింది. పీకినందుకు రూపాయి తీసుకోలేదు. దూది నొక్కిపట్టి అరగంట నోరు తెరవొద్దు, ఇవాళ ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు అన్నారు.

బస్సెక్కాక కండక్టర్ "ఎక్కడికమ్మా?" అని అడిగాడు. అరగంట ఎప్పుడో దాటింది. అమ్మ మాత్రం పెదాలు బిగించి, ఆధార్ కార్డు ఎత్తి చూపించి, నా వైపు వేలు చూపింది.