3816547290 నన్ను పట్టుకుని వదల్లేదు

నిన్న రైలు లేటు, చేతిలో పెన్ను, పాత టికెట్టు వెనకాల ఖాళీ, ఇంకేం కావాలి చెప్పండి. 3816547290లో 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కోసారే వస్తాయి. మొదటి రెండంకెలు 38, రెండుతో శేషం లేకుండా పోతుంది, 381 మూడుతో, 3816 నాలుగుతో, అలా మొత్తం సంఖ్య పదితో. పది అంకెలూ వాడి ఇలా కుదిరే సంఖ్య ఇదొక్కటే!

ఎందుకొక్కటే అని కూర్చున్నా. చివర 0, ఐదోచోట 5 తప్పదు. సరి స్థానాల్లో సరి అంకెలే, అంటే మూడోది బేసి, అందుకే నాలుగోది 2 లేదా 6 మాత్రమే అవ్వాలి, మొదటి ఆరంకెలు ఆరుతో పోవాలి కాబట్టి నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో 258 కానీ 654 కానీ. తొమ్మిది గొడవే లేదు, 1 నుంచి 9 కూడితే 45 కదా. ఎనిమిది కూడా పెట్టి వడగడితే పది సంఖ్యలు మిగిలాయి.

అప్పుడొచ్చింది ఏడు, దయాదాక్షిణ్యాలు లేవు దానికి. ఆ పదిలో ఒకదాని మొదటి ఏడంకెలు 1472589, ఏడుతో భాగిస్తే శేషం 6, పాపం, అంత వరసగా ఉన్నది కూడా పోయింది. 3816547 మాత్రం 545221 సార్లు, నిశ్శేషంగా.

సంబరంగా మా బావకి పంపితే, "ఎవరి నంబరురా ఇది?" అన్నాడు.