ఓటర్ లిస్టులో మీ పేరుందా, ఎప్పుడైనా చూశారా?

ఎలక్షన్ అయిన సాయంత్రం హైదరాబాద్ మీద పడే మీమ్స్ మీరూ చూసే ఉంటారు. సెలవిచ్చింది ఓటేయమని అయితే వీళ్ళు ముసుగుతన్ని పడుకున్నారు, రోడ్డు మీద గుంతలున్నాయని ట్వీట్లు పెట్టడానికి మాత్రం ముందుంటారు, ఇలాంటివి. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ అయ్యాక కూడా ఇదే పాట. అంకెలు చూస్తే ఎవరికైనా తిట్టాలనే అనిపిస్తుంది, హైదరాబాద్ సీట్లో 48.48 శాతం, సికింద్రాబాద్‌లో 49 దగ్గర ఆగింది, అదే రోజు పక్కనే ఉన్న భువనగిరిలో 76 దాటింది. ఆ ఎలక్షన్ ముందు మా కాలనీలో కొంతమందిమి కలిసి సాయంత్రాలూ ఆదివారాలూ ఇల్లిల్లూ తిరిగాం, అందరితో ఓటేయించాలని. తిరిగినదాన్ని బట్టి నేను చెప్పేది ఒకటే, బద్ధకం ఉంది, లేదని అనను, కానీ పోయిన ఓట్లలో చాలావరకు పోలింగ్ రోజున పోయినవి కావు, అంతకు నెలల ముందే లిస్టు దగ్గరే పోయాయి.

మొదట తలుపు కొట్టగానే వచ్చే ప్రశ్న "ఏ పార్టీ?" అని. ఏ పార్టీ కాదండీ, ఇదే కాలనీలో వెనక లైన్లో ఉంటాం అంటే నమ్మరు. "అయితే మీకేంటి లాభం?" ఇది రెండోది. ఒకాయనైతే మా చేతిలో కాగితాలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్కడో ఏదో గుర్తు ఉండే ఉంటుందని. మేం ముందే అనుకున్నాం, ఏ పార్టీ పేరూ నోట్లోంచి రాకూడదు, వాళ్ళు తిట్టినా పొగిడినా తలూపి లిస్టు సంగతికి వచ్చెయ్యాలి అని. ఇది చెప్పినంత ఈజీ కాదు, ముఖ్యంగా ఎదుటివాళ్ళు మన మనసులో మాటే అంటున్నప్పుడు.

ఇక లిస్టు. జనానికి ఉన్న పెద్ద అపోహ ఏంటంటే చేతిలో ఓటర్ కార్డు ఉంటే ఓటున్నట్టే అని. కార్డు మీరెవరో చెప్పడానికి మాత్రమే, లిస్టులో పేరు లేకపోతే ఆ కార్డు పట్టుకుని బూత్ దాకా వెళ్ళి రావడమే. అదే లిస్టులో పేరుండి కార్డు పోయిందనుకోండి, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంక్ పాస్‌బుక్ లాంటివి మొత్తం 12 రకాలు ఒప్పుకున్నారు 2024లో. ఈ రెండు ముక్కలు చెప్పడానికే మా సగం టైం పోయింది. ఒక ఆంటీ బీరువాలోంచి కార్డు తెచ్చి చూపించి "ఇదిగో నాకుంది బాబూ, ఎప్పటినుంచో ఉంది" అన్నారు, ఫోన్లో వెతికితే ఆవిడ పేరు పాత అద్దె ఇంటి దగ్గరే ఉంది, వాళ్ళాయన పేరు ఇక్కడుంది, కొడుకు పేరు ఎక్కడా లేదు. ఒకే ఇంట్లో మూడు కథలు.

అద్దెకుండేవాళ్ళ సంగతి ఇదే, ఇల్లు మారినప్పుడు గ్యాస్ మారుస్తారు, నెట్ మారుస్తారు, పిల్లల స్కూల్ బస్ మారుస్తారు, ఓటు మాత్రం మర్చిపోతారు. ఇప్పుడు దానికి ఫారం 8 ఒక్కటే చాలు, అడ్రస్ మార్పు, తప్పుల దిద్దుబాటు, కార్డు పోతే కొత్తది, అన్నీ అందులోనే, 2022 ఆగస్టు నుంచి ఇలా కలిపేశారు. కొత్తగా చేరేవాళ్ళకి ఫారం 6, పేరు తీసేయడానికి ఫారం 7. ఫోన్లో అయితే ఎన్నికల సంఘం యాప్, లేదా 1950కి కాల్. అన్నట్టు పేరుతో వెతకడం మీద నమ్మకం పెట్టుకోకండి. ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో తెలీదు, స్పెల్లింగ్ ఎవడు ఎలా కొట్టాడో అంతకన్నా తెలీదు. కార్డు మీద ఉండే ఎపిక్ నంబర్‌తో వెతికితే క్షణంలో తేలిపోతుంది. మన హైదరాబాద్ ఇంటి నంబర్లు, ఆ గీతలూ ఆ బై నంబర్లూ, వాటి జోలికైతే అసలు పోవద్దు.

అన్నిటికన్నా బాధనిపించింది గడువు విషయంలో. తెలంగాణలో ఆ ఎన్నికకి పేరు చేర్చుకోడానికి ఏప్రిల్ 15 దాకానే టైం. నామినేషన్ల ఆఖరి రోజుకి పది రోజుల ముందు వచ్చిన అప్లికేషన్లే లెక్కలోకి తీసుకుంటారు, ఆ పైన వచ్చినవి పోలింగ్ తర్వాతే. కానీ జనానికి ఎలక్షన్ వేడి ఎక్కేది ఎప్పుడు? టీవీల్లో డిబేట్లు, గల్లీలో ఆటోల మైకులు మొదలయ్యాక. అంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో. ఫిబ్రవరి మార్చిలో మేం తలుపు కొట్టినప్పుడు "తర్వాత చూద్దాం లెండి" అన్నవాళ్ళే మేలో వెతుక్కుంటూ వచ్చి "అన్నా, నాది చేర్పించవా" అని అడిగారు. ఓ ఇంజనీరింగ్ కుర్రాడు, మొదటి ఓటు, ఎంత హుషారుగా వచ్చాడో. ఇప్పుడు కుదరదు తమ్ముడూ అని చెప్పాలంటే నోరు రాలేదు. వాణ్ణి పట్టుకుని బద్ధకస్తుడు అని మీమ్ వేస్తే ఏమనాలి.

ఇంకో సంగతి, శాతం లెక్క గురించి. మే 13న ఏపీలో కూడా అదే రోజు పోలింగ్, అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి. మా అపార్ట్‌మెంట్లలో శుక్రవారం రాత్రి నుంచే తాళాలు పడ్డాయి, బస్సులు, రైళ్ళు, కార్లు, విజయవాడ రోడ్డు మొత్తం వాళ్ళే. ఏపీలో పోలింగ్ 80 శాతం పైన నమోదైంది, అందులో మా పై ఫ్లోర్ వాళ్ళూ ఉన్నారు. వీళ్ళలో కొంతమందికి ఇక్కడా పేరుంది, ఊళ్ళోనూ ఉంది. రెండు చోట్ల ఉండకూడదు అని చట్టమే చెప్తోంది, ఒక్కచోటే ఉందని అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. కానీ "ఉంటే ఉండనీ, పోయేదేముంది" అనే ధోరణి. పోయేది ఏంటంటే వాళ్ళు అక్కడ ఓటేసినా ఇక్కడ లెక్కలో వేయనివాళ్ళే. చనిపోయినవాళ్ళ పేర్లు కూడా అంతే, ఫారం 7 పెట్టమని ఆ ఇంటివాళ్ళని ఎలా అడుగుతాం చెప్పండి, గోడ మీద దండ వేసిన ఫొటో కింద నిలబడి. అడిగాం, అడగక తప్పదు, కానీ గొంతు తగ్గించి. ఆ లిస్టు చూస్తే మా బ్లాక్ ఓటర్లలో అసలు బతికుండి ఇక్కడే ఉంటున్నవాళ్ళు ఎంతమందో అని డౌట్ వస్తుంది. 48 శాతం అన్నప్పుడు ఆ లెక్కలో కింద ఉన్న మొత్తం ఓటర్ల సంఖ్య ఎంత నిజమో కూడా కాస్త ఆలోచించాలి కదా.

పెద్దవాళ్ళ విషయానికొస్తే, 85 ఏళ్ళు దాటినవాళ్ళకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంటికే వచ్చి ఓటు తీసుకునే సౌకర్యం ఉంది, ఫారం 12డి ఇవ్వాలి, కానీ నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారికి చెప్పాం. "నేను లైన్లో నిలబడే వేస్తా, ఇంట్లో కూర్చుని వేస్తే అదేం ఓటు" అన్నారు. వాళ్ళ కోడలు మా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. సరే అని మధ్యాహ్నం ఎండ లేకుండా పొద్దున్నే ఏడింటికి తీసుకెళ్ళమని ప్లాన్ వేసి ఇచ్చాం.

ఈ ప్లాన్ అనేది ఊరికే అనట్లేదు. ఓటు మీ హక్కు, ప్రజాస్వామ్యానికి పండగ, ఈ డైలాగులు కొడితే అందరూ అవునవును అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఎన్నింటికి వెళ్తున్నారు? ఎవరితో? బూత్ ఏ స్కూల్లో ఉందో తెలుసా?" అని అడిగితే మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. దీని మీద అమెరికాలో పెద్ద స్టడీ కూడా ఉంది, 2008లో పెన్సిల్వేనియా ప్రైమరీ ముందు నికర్సన్, రోజర్స్ అనే ఇద్దరు ఫోన్లు చేయించి చూశారు, ఎప్పుడు ఎలా వెళ్తారో అడిగినవాళ్ళలో ఓటేసినవాళ్ళు పెరిగారు. అంతకుముందు 1998లో గెర్బర్, గ్రీన్ అని యేల్ ప్రొఫెసర్లు న్యూ హేవెన్‌లో చూసింది ఇంకోటి, ఇంటికెళ్ళి ముఖాముఖి అడిగితే పనిచేసింది, ఫోన్ కాల్ పనిచేయలేదు. మా అనుభవమూ అదే, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్‌కి దండాల ఎమోజీలు తప్ప ఇంకేం రాలేదు.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది, లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద చాలెంజ్ ఓటు అడగండి అని ఒక ఫార్వర్డ్ ప్రతి ఎలక్షన్‌కీ తిరుగుతుంది. పచ్చి అబద్ధం. పేరు లేకపోతే ఓటు లేదు, అంతే. చాలెంజ్ అనేది బూత్‌లో కూర్చునే పార్టీల ఏజెంట్లు ఓటరు నిజంగా వాడేనా అని అడ్డుచెప్పడానికి. మీ ఓటు ఎవరో ముందే వేసేస్తే మాత్రం టెండర్ ఓటు అని ఒకటి ఉంది, రూల్ 49పి, కాగితం బ్యాలెట్ ఇస్తారు, అది మామూలు లెక్కింపులో కలవదు. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అన్నది కూడా ఆ ఫార్వర్డ్‌లోదే, అదీ అబద్ధమే.

పోలింగ్ రోజు మా పని చాలా చిన్నది. అప్పుడు, 2024లో, బూత్‌కి 100 మీటర్ల లోపల ఫోన్ తేవద్దని ఆపేశారు, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఫోన్ ఎక్కడ పెట్టాలో తెలీక వెనక్కి పోయారు. గీత బయట ఇద్దరు ముగ్గురం నిలబడి తెలిసినవాళ్ళ ఫోన్లు పట్టుకున్నాం. నెలలు తిరిగి చెప్పినదానికన్నా ఆ ఫోన్లు పట్టుకోవడమే ఎక్కువ ఓట్లు వేయించిందేమో అని మాలో ఒకడి జోకు. ఆరింటికి మూసేస్తారు కదా అని సాయంత్రం రానివాళ్ళకి కూడా ఫోన్ చేశాం, ఆరులోపు లైన్లో నిలబడితే చాలు, చివరి మనిషి నుంచి మొదలెట్టి స్లిప్పులు ఇచ్చుకుంటూ వస్తారు, ఎంత లేటయినా ఓటు వేయనిస్తారు అని. ఈ ముక్క చాలామందికి తెలీదు.

ఆ ఇంజనీరింగ్ కుర్రాడి పేరు తర్వాత చేరింది. వాళ్ళ చెల్లికి పదిహేడు, ఇప్పుడు పదిహేడు నిండితే చాలు ముందస్తుగా అప్లై చేయొచ్చు, పద్దెనిమిది నిండాక జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీకుల్లో ఏది ముందొస్తే దాని లెక్కన పేరు చేరుస్తారు, ఆ అమ్మాయిది వాడే నింపాడు. కింద ఫ్లోర్‌లో కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి నేను ఫారం 8 సంగతి చెప్తే "ఇప్పుడేం ఎలక్షన్లు లేవు కదండీ" అన్నారు. లేవండీ, అందుకే ఇప్పుడు వచ్చా అని ఎపిక్ నంబర్ అడిగాను, కార్డు వెతకడానికి లోపలికెళ్ళారు.