మంగళూరు పెంకుటిల్లు: కప్పు మీది వాన నీరు తాగడానికెంత, బావికెంత

మంగళూరు పరిసరాల్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే అనంతపురం జిల్లా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడిన మా కుటుంబానికి, ఇంత వాన కురిసే చోట వేసవిలో నీటికి కటకట ఉంటుందంటే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. కానీ నగరానికి నీళ్లిచ్చే తుంబె ఆనకట్ట దగ్గర నేత్రావతి నదిలో నీరు తగ్గిపోయి 2019 వేసవిలో వంతులవారీగా సరఫరా చేయవలసి వచ్చింది. ఊరి వెలుపల గుట్ట వాలులో ఉన్న మా ఇంటి బావి కూడా ఏటా ఏప్రిల్ వచ్చేసరికి అడుగంటుతుంది. ఇక్కడి ఎర్ర రాతి నేల, అంటే లేటరైట్, నిండా రంధ్రాలే. వాన నీటిని ఎంత త్వరగా పీల్చుకుంటుందో అంత త్వరగా పల్లానికి వదిలేస్తుంది.

ఇంటి కప్పు మీద పడే నీటిని పట్టుకోవాలని నిర్ణయించుకున్నాక ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. కప్పు వాలు పొడవును కాకుండా, కప్పు కింద నేల మీద పరుచుకునే విస్తీర్ణాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మా ఇంటికి అది 120 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పెంకులు పీల్చుకునేది, చిట్లి పోయేది తీసివేసి పదింట ఎనిమిది వంతులే చేతికి వస్తాయనుకున్నా, 3,000 మిల్లీమీటర్ల వానకు 2,88,000 లీటర్లు వస్తాయి. అంత నీటిని నిల్వ చేసే తొట్టి ఏ మధ్యతరగతి ఇంట్లోనూ కట్టలేం. కనుక వానలు సమృద్ధిగా ఉన్న ప్రాంతంలో నీరు పట్టుకోవడం పెద్ద ప్రశ్న కాదు, దేనికి ఎంత ఉంచుకోవాలన్నదే తేల్చుకోవలసిన విషయం.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుంటే మా నలుగురికి 20 లీటర్లు. వానలు వెనుదిరిగిన తరువాత దాదాపు ఎనిమిది నెలలకు, అంటే 240 రోజులకు, 4,800 లీటర్లు సరిపోతాయి. కుళాయి మట్టానికి దిగువన మిగిలిపోయే నీటిని కూడా దృష్టిలో పెట్టుకుని 3,000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు తీసుకున్నాం. ఒకే పెద్ద ట్యాంకు కన్నా ఇవి మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకదాన్ని వాడుకుంటున్నంత కాలం రెండోదాని మూత తెరవవలసిన పని ఉండదు, ఒకదానిలో నీరు చెడినా రెండోది మిగులుతుంది. రెండింటినీ ఎండ తగలని ఉత్తరపు గోడ పక్కన దిమ్మె మీద నిలబెట్టాం.

అసలు కష్టమంతా చూరు దగ్గర వచ్చింది. ఇక్కడ వాన తీవ్రత గంటకు 100 మిల్లీమీటర్లకు చేరిందనుకుంటే మా కప్పు నుంచి నిమిషానికి 200 లీటర్లు కిందికి వస్తాయి. రెండు వాలుల కప్పు కాబట్టి ఒక్కో వైపు 100 లీటర్లు. దుకాణంలో చూపించిన రెడీమేడ్ ఫిల్టర్లు శుభ్రంగా, చక్కగా ఉన్నా, నిమిషానికి ఎంత నీటిని పోనిస్తాయో చూసి కొన్నింటిని పక్కన పెట్టవలసి వచ్చింది. పని ఒప్పుకున్న మేస్త్రీ స్థానికుడు, వక్క చెట్టు మొద్దును నిలువునా చీల్చి చూరు కింద గట్టరుగా, అంటే నీటిని పట్టే దోనెగా, కట్టే పాత పద్ధతి ఎరిగినవాడు. "సార్, ఆషాఢంలో వాన చూరు నుంచి జారదు, దూకుతుంది. గట్టరు వెలుపలి అంచు లేపి పెట్టకపోతే సగం నీళ్లు వాకిట్లోనే పడతాయి" అన్నాడు. ఆరంగుళాల పీవీసీ పైపును నిలువునా కోయించి, పది మీటర్ల పొడవుకు పది సెంటీమీటర్ల వాటం ఇచ్చి బిగించాక, బయటి అంచు వెంబడి జానెడు ఎత్తున రేకు కట్టాడు. మొదటి పెద్ద వానకు కిటికీలో నిలబడి చూశాను. పెంకుల కాలువల్లోంచి ధారలు అడ్డంగా ఎగిరి వచ్చి ఆ రేకుకు కొట్టుకుని గట్టరులోకి దిగాయి. రేకు లేకపోతే ఒక్క ధార కూడా సరిగా గట్టరులో పడేది కాదు.

ఇంటి మీద ఉన్నవి మంగళూరు పెంకులే. బాసెల్ మిషన్ వారు 1865లో ఇక్కడి జెప్పులో మొదలుపెట్టిన కర్మాగారంతో ప్రచారంలోకి వచ్చి, మన తెలుగు ఊళ్లలోని పెంకుటిళ్ల మీదకు కూడా ఎక్కిన పెంకు ఇది. కాల్చిన మట్టి కనుక తాగునీటికి అభ్యంతరం లేదు. ఆస్‌బెస్టాస్ రేకులో, సీసం కలిసిన పాత రంగులో ఉన్న కప్పయితే ఆ నీటిని తాగడానికి పట్టకూడదు. అయితే పెంకు మీద పాచి పడుతుంది. అందుకే తూర్పు వాలు నీటిని మాత్రమే తాగడానికి కేటాయించి, ట్యాంకుకు ముందు తొలి నీటిని వేరుచేసే 100 లీటర్ల డ్రమ్ము పెట్టించాం. వాన మొదలైనప్పుడు వచ్చే నీరు ముందు అందులో నిండుతుంది, నిండగానే లోపలి బంతి పైకి తేలి నోరు మూసేస్తుంది, ఆ తరువాతి నీరే జాలీ గుండా ట్యాంకుకు పోతుంది. డ్రమ్ము అడుగున ఉన్న సన్నని కుళాయి తెరిచే ఉంచితే మర్నాటికి ఖాళీ అవుతుంది. జూన్ తొలి వానకు ఆ కుళాయి కింద గ్లాసు పెట్టి చూస్తే నీరు పల్చని కషాయం రంగులో ఉంది. పాచి పొట్టు, రాలిన మామిడి పూత, పక్షి రెట్టల తెల్లని చారలు అందులో తేలుతున్నాయి. రుతువు మొత్తానికి ఒకసారి కడిగితే చాలదు. అక్టోబరులో వారం రోజులు ఎండ కాసి మళ్లీ పడే ఉరుముల వానకు కూడా డ్రమ్ము ఖాళీగా ఉండి తీరాలి.

ఆరు వేల లీటర్లు నిండడానికి తూర్పు వాలు మీద 125 మిల్లీమీటర్ల వాన చాలు. జులైలో అది కొద్ది రోజుల మాట. కాబట్టి జులైలోనే నింపి అలాగే మూసిపెట్టడం అనవసరం. వానాకాలమంతా వాడుకుంటూ, సెప్టెంబరు చివరి వానలకు నిండుగా చేసి అప్పుడు మూత బిగించాలి.

పడమటి వాలు నీరు కంకర, బొగ్గు, ఇసుక పొరలున్న తొట్టి గుండా బావిలోకి పోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. జులైలో బావి తనంతట తానే నిండిపోతుంది, మనం పోసే నీరు నిలవదు. బావికి నిజంగా పనికొచ్చేది వానలు తగ్గిన తరువాత పడే నీరు. వానాకాలపు మిగులు నీటిని బావికి ఎగువన, గుట్ట వాలులో ఇంకించడమే మేలని మేస్త్రీ చెప్పాడు. ఆయన మాటకు ఆధారం ఈ ప్రాంతంలోనే ఉంది. దక్షిణ కన్నడ, కాసరగోడు జిల్లాల్లో ఎర్ర రాతి గుట్టల్లోకి అడ్డంగా సొరంగాలు తవ్వి, ఊరిన నీటిని కాలువగా బయటికి తెచ్చుకునే సురంగ పద్ధతి తరతరాలుగా ఉంది. గుట్ట కడుపులో చేరిన నీరు మెల్లగా దిగి వస్తుందనడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు. అందుకని బావి నిండాక వచ్చే నీటిని పంపుతో వెనక్కి ఎక్కించే ఆలోచన మాని, వంటింటి వెనుక ఎత్తయిన చోట ఉన్న పశువుల పాక కప్పు నీటిని ఇంకుడు గుంతకు మళ్లించాం.

తాగేముందు హెచ్‌టూఎస్ సీసాలతో, అంటే క్రిములు విడిచే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పసిగట్టే మందున్న సీసాలతో, పరీక్ష చేశాం. సీసాలో నీరు పోసి ఇంట్లోనే ఉంచితే, మలసంబంధమైన సూక్ష్మక్రిములున్న నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. వానాకాలంలో బావి నీరు నల్లబడింది, ట్యాంకు నీరు రంగు మారలేదు. అయినా కాచి చల్లార్చే తాగుతున్నాం, ఆ అలవాటు మానదలచుకోలేదు. లవణాలు తక్కువ కాబట్టి రుచి చప్పగా ఉంటుంది. కందిపప్పు మాత్రం త్వరగా, మెత్తగా ఉడుకుతోందని ఇంట్లో అంటున్నారు.

మే నెల మూడో వారంలో రెండో ట్యాంకులో మూడో వంతు నీరు ఉంది. దాన్ని మొక్కలకు వదిలి, రెండు ట్యాంకులనూ బ్లీచింగ్ నీటితో కడిగించాం. జాలీలు మార్చాలి, పెంకుల మీది ఆకులు ఊడ్పించాలి, రేకు మేకుల్లో తుప్పు పట్టినవి తీయించాలి. మేస్త్రీని రుతుపవనాలకు ముందే రమ్మని చెప్పి ఉంచాను.