టైరు గాలి దీపం ఆరేదాకా

చలికాలం మొదలైనప్పటి నుంచి మా కారు డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి దీపం వెలుగుతూ ఆరుతూ ఉండేది. కొన్ని ఉదయాలు బండి తీయగానే వెలిగి, అరగంట నడిపాక తనంతట తానే ఆరిపోయేది. మరికొన్నిసార్లు మొదట కాసేపు మినుకుమినుకుమని, ఆ తరువాత నిలకడగా వెలిగి, ఇంజను ఆపేదాకా అలాగే ఉండేది. గాలి నింపే చోట చూపిస్తే నాలుగు టైర్లకూ గేజు పెట్టి, "గాలి బాగానే ఉందండీ, సెన్సారే తప్పు చెబుతోంది, పట్టించుకోకండి" అన్నారు. ఆ మాటతో ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. తప్పుడు హెచ్చరిక అని తీసిపారేయడం అలవాటైపోతే, నిజంగా గాలి దిగిన రోజున కూడా ఆ దీపం మన కంటికి ఆనదు.

ముందుగా తేల్చుకోవలసింది కారులో ఉన్నది ఏ రకం ఏర్పాటు అన్నది. కొన్ని కార్లలో చక్రాల లోపల సెన్సార్లు అసలే ఉండవు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త తగ్గి మిగతావాటి కంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం అమర్చిన చక్రవేగ సెన్సార్ల లెక్కలోంచే కంప్యూటర్ ఆ సంగతి పసిగడుతుంది. అటువంటి కారులో గాలి నింపాకో, టైర్లు అటూ ఇటూ మార్చాకో రీసెట్ చేయకపోతే దీపం అకారణంగా వెలగవచ్చు. మా కారుది రెండో రకం: ప్రతి చక్రంలోనూ వాల్వుకు అతుక్కుని ఒక సెన్సారు ఉండి, ఒత్తిడిని కొలిచి రేడియో సంకేతంగా పంపుతుంది.

కారుతో వచ్చిన పుస్తకంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది దీపం వెలిగే తీరు గురించి రాసిన రెండు వాక్యాలు. నిలకడగా వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం; నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మినుకుమని తరువాత నిలిచిపోతే, ఏర్పాటులోనే లోపం ఉందని, గాలి సంగతి దానికి సరిగా అందడం లేదని అర్థం. 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ ఈ దీపాన్ని తప్పనిసరి చేసిన అమెరికా నిబంధనలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. అంటే నేను ఒకే జబ్బు అనుకుంటున్నది రెండు జబ్బులు కావచ్చు. అప్పటి నుంచి దీపం వెలిగిన ప్రతిసారీ అది మినుకుమందా, నిలకడగా ఉందా, చలి ఎంత ఉంది అనేవి ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

నిలకడగా వెలిగే దీపం సంగతి ముందు పట్టుకున్నాను. రాత్రంతా నిలిపి ఉంచిన బండి టైర్లను తెల్లవారగానే, కదల్చక ముందే, సొంత డిజిటల్ గేజుతో కొలిచాను. ఉండవలసిన ఒత్తిడి డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే స్టిక్కరు మీద 33 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ఒత్తిడి కొలత) అని ఉంది. టైరు పక్కగోడ మీద అచ్చైన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడే తప్ప మనం నింపవలసినది కాదు. మూడు టైర్లలో 29, 30 ఉండగా, ముందు కుడి టైరులో 25 మాత్రమే ఉంది. దీపం అబద్ధమాడలేదు. అదే టైరును సాయంత్రం ప్రయాణం ముగిశాక కొలిస్తే గేజు 29 చూపించింది. నడిచిన టైరు వేడెక్కి ఒత్తిడి మూడు నాలుగు పీఎస్‌ఐ పెరుగుతుంది. బయటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే ఒకటిన్నర దాకా తగ్గుతుంది. వేడి టైరుకు గేజు పెట్టి బాగానే ఉందని తీర్పు చెప్పడం ఎంత మామూలో, అంత పనికిరాని పద్ధతి. కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక కొలిస్తేనే ఆ స్టిక్కరు మీది అంకెతో పోల్చడానికి వీలు.

మరి ఆ ఒక్క టైరే ఎందుకు వెనకబడింది? వాల్వు మూత విప్పి, సబ్బు నీటి చుక్క వేసి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత వాల్వు నోటి దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, నెమ్మదిగా ఉబ్బి పగిలింది, వెంటనే మరొకటి మొదలైంది. లోపలి పిన్ను నుంచి గాలి పోతోందన్నమాట. సెన్సారు ఉన్న వాల్వు కాడ అల్యూమినియందైతే ఇత్తడి పిన్ను దానికి పట్టేసి తుప్పుపడుతుంది కనుక నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలని టైర్ల పనివారు చెప్పి, అదే వేశారు. మర్నాడు ఉదయం చల్లటి టైర్లన్నిటికీ 33 నింపాక నిలకడ దీపం మళ్లీ రాలేదు.

మినుకుమనే దీపం మాత్రం పోలేదు. చవక రకం ఫోన్ ఛార్జర్లు, కెమెరాల వంటివి సెన్సారు సంకేతాలకు అడ్డు తగలడం నిజంగానే జరుగుతుంది కాబట్టి, ముందు అవన్నీ తీసేసి కొన్నాళ్లు నడిపాను. పైసా ఖర్చు లేని పరీక్ష అది. తేడా ఏమీ రాకపోయినా ఒక అనుమానం తీరింది. స్టెపినీలో కూడా సెన్సారు ఉండే కార్లలో దాని గాలి తగ్గినా దీపం వెలుగుతుంది గానీ, మా దాంట్లో అది లేదు.

ఆ తరువాత టైర్ల దుకాణంలో సెన్సార్లను పలకరించే చేతి పరికరంతో చూపించుకున్నాను. ఆగి ఉన్న చక్రంలోని సెన్సారు నిద్రలో ఉంటుంది. పరికరాన్ని వాల్వు దగ్గర పెట్టి మీట నొక్కితే మేల్కొని తన గుర్తింపు సంఖ్య, ఒత్తిడి, ఉష్ణోగ్రత, బ్యాటరీ స్థితి చెబుతుంది. మూడు చక్రాలు వెంటనే జవాబిచ్చాయి. వెనక ఎడమ చక్రం దగ్గర ఎంతసేపు పట్టుకున్నా తెరమీద గీతలే కనిపించాయి. సెన్సారు లోపల మూసేసి ఉండే బ్యాటరీ మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది, మా కారు వయసు ఆ హద్దులోనే ఉంది. బ్యాటరీ ప్రాణం తగ్గినప్పుడు చలిలో ముందుగా మొరాయిస్తుంది కాబట్టి చలి ఎక్కువగా ఉన్న రోజుల్లోనే దీపం మినుకుమన్న సంగతి నా చిన్న పుస్తకంలో ఉన్న రాతతో సరిపోయింది.

ఆ బ్యాటరీని మార్చడానికి వీలుండదు, సెన్సారు మొత్తం మార్చవలసిందే. టైరును రిమ్ము నుంచి ఒక పక్క విడదీస్తే బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ పెట్టె బయటపడింది. కాడ చుట్టూ తెల్లటి పొక్కులాంటి తుప్పు పేరుకుని ఉంది. కొత్తది కొనేటప్పుడు చూసుకోవలసింది ఫ్రీక్వెన్సీ: కార్లలో 315 మెగాహెర్ట్జ్, 433 మెగాహెర్ట్జ్ అనే రెండు రకాలు వాడుకలో ఉన్నాయి, ఒకదాని బదులు మరొకటి బిగిస్తే కారుకు వినబడదు. బిగించాక కొత్త గుర్తింపు సంఖ్యను కారు కంప్యూటర్‌కు నేర్పాలి. మా కారులో ఆ పని పరికరంతోనే చేశారు, కొన్ని కార్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి.

మిగతా మూడు సెన్సార్ల వయసూ అదే. అన్నీ ఒకేసారి మార్చమని దుకాణంలో సలహా ఇచ్చారు గానీ, పరికరం వాటి బ్యాటరీలు బాగున్నాయని చూపించినందువల్ల నేను ఒప్పుకోలేదు. టైర్లు అరిగి ఎలాగూ విప్పవలసి వచ్చినప్పుడు కూలీ కలిసివస్తుంది కాబట్టి వాటిని అప్పుడు మార్పిస్తాను.