స్టిక్కరు తీశాక మిగిలే రంగు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే షెడ్డుకు వచ్చే వ్యాన్లలో ఎక్కువ భాగం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతున్నవే. తలుపుల మీది పాత కంపెనీ పేరు, ఫోను నంబరు, బొమ్మలు పూర్తిగా తీసేశాకే కొత్త యజమాని వాటిని రోడ్డెక్కిస్తాడు. ఆ తీసే పని నాది. మొదటిసారి సెలవు మీద దేవరకొండ దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడు "ఆడ ఏం పని జేస్తున్నవ్ బిడ్డా?" అని పెద్దమ్మ అడిగితే స్టిక్కర్లు తీస్తానని చెప్పాను. గోటితో గీకితే ఊడే దానికి అంత దూరం పోవాలా అని ఆమె చాలాసేపు బాధపడింది. అది గోటితో ఊడదని ఆమెకు ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను.

కొత్త స్టిక్కరు మెత్తగా, సాగేటట్టు ఉంటుంది. ఆ వినైల్ అనే ప్లాస్టిక్ పొరను మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ల తరబడి ఎండకు తగ్గిపోయి, పొర ఎండుటాకులాగా పెళుసుబారుతుంది. పట్టుకుని లాగితే గోరంత ముక్కలుగా విరుగుతుంది, జిగురు మాత్రం బండికే అంటుకుని ఉంటుంది. తలుపుల మీదివాటి కంటే పైకప్పు, బానెట్ మీదివి ఎక్కువ కష్టపెడతాయి, ఎందుకంటే ఎండ నేరుగా పడేది వాటి మీదనే. అందుకే ముందు వేడి చెయ్యాలి. వేడిగాలి ఊదే హీట్ గన్ 500 డిగ్రీల దాకా కూడా పోగలదు గాని, మనకు కావలసింది చెయ్యి రెండు క్షణాలకు మించి ఆనించలేనంత వేడి, అంటే 50, 60 డిగ్రీలు మాత్రమే. మూల దగ్గర ప్లాస్టిక్ గీకుడు ముక్కతో కొంచెం లేపి, పొరను బయటికి కాకుండా వెనక్కి మడిచి, బండికి ఆనించినట్టుగా నిదానంగా లాగితే జిగురులో చాలా భాగం పొరతోపాటే వస్తుంది. తొందరపడి ఎదురుగా గుంజితే పొర తెగి, జిగురంతా అక్కడే ఉండిపోతుంది, అప్పుడు పని రెండింతలవుతుంది.

రెండో నెలలోనే నేనొక తప్పు చేశాను. జిగురు తీయడానికి డ్రిల్లుకు బిగించే రబ్బరు చక్రాన్ని ఒక నీలం వ్యాను తలుపు మీద ఒకేచోట ఎక్కువసేపు ఆనించాను. రాపిడి వేడికి రంగు పైనుండే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, కాలి, అరచేయంత మేర మసకబారింది. ఆ తలుపుకు మళ్లీ రంగు వేయించిన ఖర్చు మూడు నెలలపాటు నా జీతంలోంచి కోశారు, ఇంటికి పంపే డబ్బు తగ్గింది, కారణం అమ్మకు చెప్పలేదు. ఆ తర్వాత మా షెడ్డులోని పెద్దాయన, కేరళవారు, పాత డోరు ఒకటి ముందర పెట్టి, చక్రం వేగం తగ్గించి, చెయ్యి ఎక్కడా ఆపకుండా ఎట్లా తిప్పాలో వారంపాటు నేర్పారు. ఆయన రుణం నేను తీర్చుకోలేనిది.

బండికి ఉన్నది కంపెనీ రంగా, తర్వాత వేయించిందా అన్నది ముందే చూసుకోవాలని చెప్పిందీ ఆయనే. ఫ్యాక్టరీలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. బయటి షెడ్లలో వేసిన రంగుకు అంత వేడి అందదు కాబట్టి, స్టిక్కరుతోపాటు అదీ పెచ్చులుగా లేచిపోవచ్చు, థిన్నరు తగిలితే ముడతలు పడవచ్చు. తలుపు రబ్బరు అంచుల మీద రంగు తుంపరలు కనిపిస్తే మళ్లీ వేసిన రంగేనని నేను అనుకుంటాను. జిగురును కరిగించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే త్వరగా ఆరిపోయే ద్రవం వాడతాను, అదీ ముందు కనిపించని మూలన ఒక చుక్క రుద్ది చూశాకే. ఎండలో కాలిన రేకు మీద అది జిగురును కరిగించేలోపే ఆరిపోతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. మాది షెడ్డు పని అయినా, ఆ నెలల్లో ఈ రుద్దే పని తెల్లవారుజామునే ముగించుకుంటాను.

అంతా అయ్యాక కూడా పేరు పోదు. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసి, స్టిక్కరు కింద ఉన్నది మాత్రం కొత్తగానే ఉండటంతో అక్షరాలు నీడలాగా చదవడానికి వస్తాయి. పై పూతను సన్నగా అరగదీసే కాంపౌండ్ అనే ముద్ద పెట్టి పాలిష్ చేస్తే తగ్గుతుంది. కానీ క్లియర్ కోట్ మందం దాదాపు 40, 50 మైక్రాన్లే, తలవెంట్రుక కంటే పలుచన కావచ్చు, దాన్ని ఎంతని రుద్దగలం? ఈ సంగతి యజమానికి పని మొదలుపెట్టే ముందే చెప్పడం నేను పెట్టుకున్న నియమం.

ఈసారి సెలవులో మా బావ కొండమల్లేపల్లి, దేవరకొండ మధ్య నడుపుకోవడానికి పాత ఆటో కొన్నాడు. వెనక అద్దం కింద పాత యజమాని ఇద్దరు పిల్లల పేర్లు రేడియం అక్షరాల్లో ఉన్నాయి. బావ బ్లేడు పట్టుకోబోతే ఆపాను. హీట్ గన్ లేదు కాబట్టి, వేడినీళ్లలో ముంచిన తువ్వాలను అక్షరాల మీద కప్పి, చల్లారితే మళ్లీ ముంచి, ఒక్కో అక్షరాన్నీ లేపాను. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడిచి, సబ్బునీళ్లతో కడిగాను. నూనె మిగిలితే కొత్త స్టిక్కరు అతకదు.

వెలిసిన పసుపు మధ్య ఆ రెండు పేర్లు ముదురు పసుపులో తేటగా నిలిచాయి. పాలిష్ తెమ్మని చెబితే బావ కాసేపు చూసి, "ఉండనీ బామ్మర్ది, పిల్లల పేర్లే గదా," అన్నాడు. మా అక్క బిడ్డ పేరును వాటి పక్కన అతికించాలంటే తడి పూర్తిగా ఆరాలి, రేపటిదాకా ఆగమన్నాను.